పోలయ్య కొట్టంలో దొరికిన పలకలు

మా ఇంటామె దీనమ్మ ఆరో ఏట పలకరాయి క్వారీలో పనికి కూర్చుంది. నేను కురిచేడు నుంచి మార్కాపురం పక్కనున్న ఆ పల్లెకు మిషను బడి పంతులుగా వచ్చి ఆమెను పెళ్ళాడేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు. ఎడమచేతి చూపుడువేలి కొస అప్పటికే లేదు. రాయిని ఒళ్ళో నిలబెట్టుకుని ఉలితో ఒక్కసారి తట్టి, తల పక్కకు వంచి వినేది. కంగుమని మోగితే చీల్చేది, మొద్దుగా మోగితే పక్కన పడేసేది. నేను వంట చేసిన రోజు కూరకుండ మీద గరిటెతో తట్టి, "ఉప్పు తక్కువైంది" అని ఎగతాళి చేసేది.

పోయిన శ్రావణంలో ఆమె పోయింది. భూస్థాపన రోజు పాస్టరుగారు ఆమె భక్తిని గురించి చాలాసేపు చెప్పారు. భక్తి ఉంది, కాదనను. కానీ నాకు తెలిసిన దీనమ్మను చెప్పాలంటే పోలయ్య కొట్టం సంగతే చెప్పాలి. అప్పట్లో నేనేమీ రాసిపెట్టుకోలేదు. గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

అది పందొమ్మిది వందల ముప్పై నాలుగో సంవత్సరం. ఫాల్గుణ మాసపు గాలికి మా బడి కాలిపోయింది. బడి అంటే బోదగడ్డి కప్పిన పాక. పక్కింటి పొయ్యిలోంచి ఎగిరిన నిప్పురవ్వ ఒకటి చాలింది. పిల్లలు బయట ఆడుకునే వేళ గనక ఎవరికీ ఏమీ కాలేదు. ఒక బల్ల, హాజరుపట్టీ బూడిదయ్యాయి. ఇరవై నాలుగు పలకలు వేడికి చిట్లిపోయాయి.

వారం తిరక్కుండా మిషను నుంచి ఉత్తరం వచ్చింది. జూన్ రెండో వారంలో డిప్యూటీ ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆయన వచ్చేనాటికి గట్టి కప్పు కింద ఇరవైమంది పిల్లలు కూర్చుని కనిపించాలి. గడ్డిపాక పనికిరాదు. పిల్లలు తక్కువైనా, కప్పు లేకపోయినా గ్రాంటు ఆగిపోతుంది, బడి ఎత్తేస్తారు.

క్వారీ మేస్త్రి వెంకటేశ్వర్లు చెడ్డవాడు కాదు. బడి కాలిన నాలుగోనాడు పల్లెలోకి వచ్చి, "ఊరికే ఎండలో తిరిగేదానికంటే పిల్లోళ్ళను పంపండి. రాతిపొట్టు ఎత్తితే కూలి ఇప్పిస్తా" అన్నాడు. ఆ వారంలోనే ఆరుగురు పోయారు.

"నన్ను గూడ ఇట్లనే పొట్టు ఎత్తను పిలిచినారు," అంది దీనమ్మ. "నెల దాటకముందే చేతికి ఉలి ఇచ్చినారు. ఇప్పుడు ఈ పిల్లోళ్ళను ఆడ వదిలేస్తే మళ్ళీ రారు. జూన్‌కు బడి ఉండాల."

"ఇల్లు ఎక్కడుంది?"

"నాకు ఒకటుంది."

ఆమె చెప్పేది ఏ ఇల్లో నాకు వెంటనే అర్థమైంది. అర్థం కానట్టు ఊరుకున్నాను.

పోలయ్య దీనమ్మ తల్లికి తండ్రి. బాప్తిస్మం తీసుకున్న ఏడు ఊరిని విడిచి, గుట్టవాలులో క్వారీకి ఎగువన ఒంటరిగా రాతికొట్టం కట్టుకున్నాడు. అప్పటికి అక్కడ మనిషి కట్టుకున్న గోడ అనేది లేదు. నల్లమల నుంచి చిరుతలు దిగే చోటు. ఆయన బతికి బట్టకట్టడం చూసి తర్వాత ఎనిమిది ఇళ్ళవాళ్ళు వచ్చారు. నీళ్ళు కింద ఉన్నాయి గనక వాళ్ళు కిందే కట్టుకున్నారు. అదే మా పల్లె. పోలయ్య మాత్రం పైనే ఉండిపోయాడు.

భార్య పోయి, కూతురికి పెళ్ళయ్యాక ఆయన ఒంటరివాడయ్యాడు. రోజూ పొద్దుగూకేవేళ తలుపు వేసుకుని లోపల టక్ టక్‌మని ఏదో కొట్టుకునేవాడట. ఎవరినీ గడప దాటనిచ్చేవాడు కాదట. ముసలోడు రాతిమీద చేతబడి యంత్రాలు చెక్కుతున్నాడని పల్లెలో పుకారు పుట్టింది. ఆయన చచ్చిపోయిన సంగతి రెండు రోజులకు గాని ఎవరికీ తెలియలేదు. ఆయన పోయాక కూడా ఆ చప్పుడు ఆగలేదు. ఇరవై రెండేళ్ళు ఆ కొట్టంలోకి ఎవరూ పోలేదు. కూతురు కూడా తండ్రి సామాను తెచ్చుకోలేదు.

వేరే ఇల్లు దొరక్క మే నెలాఖరు వచ్చేసింది. అప్పుడు దీనమ్మ తన ఆలోచన బయటపెట్టగానే మొదట అడ్డం పడింది జ్ఞానమ్మ. మా పల్లెలో అందరికంటే పెద్దది. ఆదివారం ఆరాధనలో పాట ఎత్తుకునేది ఆమే. దీనమ్మకు వరసకు పెద్దమ్మ.

"ఏందే, నీకు బుద్ధుందా? లోపల ముసలోడు కొట్టుకుంటా ఉంటే పసిపిల్లల్ని తీసుకపోయి ఆడ కూచోబెడతావా?"

"మా తాతే గద పెద్దమ్మా, కొట్టుకోనీలే. బడి పగలు, ఆయన పని సాయంత్రం. ఇద్దరికీ తగువు రాదు."

"ఎగతాళి చెయ్యాకు. నేను ఈ చెవుల్తో విన్నా."

"అయితే నేనూ వినొస్తా," అంది దీనమ్మ. నావైపు తిరిగి, "నువ్వు గూడ రా" అంది.

"నాకు ప్రార్థన ఉంది," అన్నాను.

"ఆడ చేసుకుందువు గాని. ఇంకా గట్టిగా చేస్తావు."

ఆ సాయంత్రం ఇద్దరం కొట్టం ముందు బండమీద కూర్చున్నాం. పొద్దు నల్లమల వెనక్కి దిగింది. వేడి గాలి ఆగి, కాసేపటికి కొండమీంచి చల్లగాలి మొదలైంది. అప్పుడు లోపల టక్‌మంది. కాస్త ఆగి మళ్ళీ టక్ టక్‌మంది. నేను లేచి నిలబడ్డాను. దీనమ్మ కదల్లేదు. ఒళ్ళో రాయి పెట్టుకున్నప్పటిలాగే తల పక్కకు వంచి వింటున్నది.

"పావు అంగుళం," అంది.

"ఏంది?"

"పలక. పావు అంగుళం మందం గూడ ఉండదు. మంచి రాయి, యాడా చీలిక లేదు. నిలువుగా పెట్టినారు. ఒకటీ రెండూ గాదు, శానా ఉండాయి. గాలికి ఒకదానికొకటి తగుల్తా ఉండాయి." ఆమె ముఖంలో భయం లేదు, చిరాకు ఉంది. "మధ్యలో గడ్డి పెట్టలే. పలకల్ని అట్ల ఎవురన్న పెడతారా?"

మా క్వారీ నుంచి రైలుకు పోయే ప్రతి కట్టలో పలకకూ పలకకూ మధ్య వరిగడ్డి పెడతారు. లేకపోతే దారిలో రాసుకుని పగులుతాయి. పనిలోకి వచ్చిన మొదటిరోజు పిల్లలకు నేర్పేది అదే. దయ్యం ఉందో లేదో నాకు తెలియదు గాని, మా ఆవిడ మర్నాడు ఆ ఇంట్లోకి పోయింది మాత్రం దయ్యంతో తేల్చుకోవడానికి కాదు. పలకల్ని అంత అడ్డదిడ్డంగా పెట్టిందెవరో చూడటానికి.

పొద్దున్నే గడ్డపారతో తలుపు పెకలించింది. లోపల గబ్బిలాల కంపు, ఒక పాము కుబుసం, ఎలుకలు కొరికిన చాప. గోడలు చెక్కుచెదరలేదు. కప్పులో నలభైదాకా పలకలు జారిపోయి ఆకాశం కనిపిస్తున్నది. చూరు కింద వాసాల మీద చిన్న అటక, దాని వెనక గోడలో జానెడు సందు. గాలి అందులోంచే వస్తున్నది. దీనమ్మ గోడరాళ్ళు పట్టుకుని పైకెక్కింది.

"ఉండాయి! అందుకో."

ఒక్కొక్కటే కిందికి అందించింది. ముప్పై ఏడు పలకలు. అరిగి అరిగి బొటనవేలంత మిగిలిన ఒక ఉలి. గుడ్డలో చుట్టిన నల్లపూసల దండ ఒకటి, అది ఆమె అమ్మమ్మది. మొదటి పలక నా చేతికి రాగానే వేళ్ళకు గరుగ్గా తగిలింది. వాకిలి దగ్గరికి తెచ్చి వెలుతురులో చూశాను. పైనుంచి కిందిదాకా ఉలితో చెక్కిన గీతలు. కొంచెంసేపటికి గాని అవేమిటో పోల్చుకోలేకపోయాను. "అ". పలక నిండా "అ". మొదటి నాలుగైదు అక్షరాల్లా లేవు, కోడి గీరినట్టున్నాయి. చివరి వరసకు వచ్చేసరికి గుండ్రంగా కుదిరాయి. రెండో పలక నిండా "ఆ", ముడి తప్పు వైపు తిరిగిపోయి.

"దీనమ్మా, మీ తాత యంత్రాలు చెక్కలేదు. అ ఆలు దిద్దుకున్నాడు."

ఆమె కిందికి దిగింది. "ఉలితోనా?"

"ఉలితోనే. ప్రతి అక్షరానికీ ఒక కొత్త పలక."

ఆమె నేలమీద కూలబడి పలకలన్నీ చుట్టూ పరుచుకుంది. ఉన్నట్టుండి నవ్వు మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పుట్టినకాడ్నించి పలకలు చేసినోడు గదయ్యా! పలకమీద బలపంతో రాస్తారని, తుడిస్తే పోతాదని తెలీకపాయనా?"

ఎలా తెలుస్తుంది? పోలయ్య కాలంలో ఇక్కడ రాయిని చీల్చి బండ్లమీద పంపేవారు. చెక్క చట్రాలు బిగించేది ఎక్కడో, వాటిమీద రాసేది ఎవరో ఆయన చూసి ఉండడు. రాతిమీద రాయడమంటే చెక్కడమే అనుకున్నాడు. వారానికొకసారి త్రిపురాంతకం వైపు పోయే మిషను ఉపదేశి ఎవరో ఒక్కో అక్షరం చూపించి ఉంటాడు. అది నా ఊహ.

"తలుపెందుకు వేసుకున్నాడంటావు?" అన్నాను.

"యాభై ఏండ్లు వచ్చినంక అ ఆలు దిద్దుతాడని నవ్వరా? నేను నీకాడ దిద్దలే, అందుకే గద."

అది నిజం. పెళ్ళైన కొత్తలో బలపం చేతికిస్తే, "రాయి చీల్చే చెయ్యి ఇది" అని తిరిగి ఇచ్చేసింది.

చివరి పన్నెండు పలకల మీద పేర్లున్నాయి. ఒక్కో పలకకు ఒక్క పేరు, పెద్ద అక్షరాలతో. ఒకటి ఆయనదే. ఇంకొకటి "రత్తమ్మ" అని చదివాను. దీనమ్మ నవ్వడం మానేసింది. అది ఆమె తల్లి పేరు.

"యాడుంది ర?"

చూపించాను. కొస లేని వేలిని ఆ గాడిలో పెట్టి నెమ్మదిగా తిప్పింది. తర్వాత "త్త" మీద, తర్వాత "మ్మ" మీద. ఆ పలకను నల్లపూసల దండతో కలిపి పక్కన పెట్టుకుంది.

ఆ సమయానికే జ్ఞానమ్మ వచ్చింది, మేము బతికున్నామో లేదో చూడటానికి. నేలమీద పరిచిన చెక్కుడు పలకలు చూసింది. గడప దగ్గరే ఆగిపోయింది. "యంత్రాలు! నే చెప్పలా!" అని వచ్చిన దారినే దిగిపోయింది.

మధ్యాహ్నానికి పల్లెంతా తెలిసింది. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చున్నారు. రాళ్ళను కుంటలో పారెయ్యాలి, ఆ కొట్టంలోకి పిల్లలెవరూ పోగూడదు అన్నారు. అవి అక్షరాలని, పేర్లని నేను చెప్పాను.

"నీ కొలువు పోతాదని చెప్తాండావు పంతులూ," అన్నాడు కరుణాకరం. ఆయన పిల్లలిద్దరు నా బడిలోనే చదివేవారు.

"మీ పిల్లల చేతే చదివిస్తాను, వినండి."

"నువ్వు చెప్పిందే వాళ్ళు చదువుతారు. నీ బడి పిల్లోళ్ళే గద."

కొలువు సంగతి కొంత నిజమే కదా. ఇన్‌స్పెక్టరు రావడానికి తొమ్మిది రోజులుంది. దీనమ్మ రోజూ తెల్లవారక ముందే లేచి క్వారీలో పారేసిన వెడల్పు ముక్కలు ఏరి, చీల్చి, మోసుకుపోయి కప్పు వేసేది. పనివేళకు క్వారీలోకి దిగేది.

"పిల్లలే రానప్పుడు కప్పెందుకు?" అన్నాను ఒకరోజు.

"వచ్చిన రోజు వాన పడితే?" అంది.

ఆరోనాటికి కప్పు ముగిసింది. ఆ సాయంత్రం ఆమె పేర్ల పలకలను నా ముందు పెట్టి అన్నీ చదవమంది. చదివాను. "ఇవి ఎవరి పేర్లు?" అని అడిగాను. మా పల్లెలో ఆ పేర్లవాళ్ళు లేరు. అందరూ సీమోనులూ దావీదులూ.

"బాప్తిస్మానికి ముందు పేర్లు గావచ్చు. నాకూ తెలీదు. మా తాత వాళ్ళను ఏమని పిలిచేవాడో అవే కొట్టినాడు." "నీకు తెలీదు గద?" అని అడిగింది.

"ప్రమాణంగా తెలియదు."

"మంచిదైంది," అంది.

తన తల్లి పలకా, తాత పలకా ఇంట్లో ఉంచి, మిగిలిన పదింటినీ గంపలో పెట్టుకుని నెత్తికెత్తుకుంది. "నువ్వు వెనక రా. నోరు మాత్రం తెరవాకు. నువ్వు చెప్తే నమ్మరు."

జ్ఞానమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతున్నది. పక్కన మనవరాలు ఎలీషబా కూర్చుని ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల. నా బడిలో అందరికంటే బాగా చదివేది. బడి కాలినప్పటి నుంచి క్వారీలో పొట్టు ఎత్తుతున్నది. రెప్పల మీద కూడా రాతిదుమ్ము.

"ఆ గంప నా వాకిట్లో దించాకు," అంది జ్ఞానమ్మ.

దీనమ్మ దించేసింది. "ఎలీషబా, ఇది చదువమ్మా."

పిల్ల నాయనమ్మ వైపు చూసి, పలక మీదికి వంగింది. "న... ర... స... య్య."

"ఎవురు పెద్దమ్మా నరసయ్య?"

జ్ఞానమ్మ చేట ఆపకుండా, "ఏమో, నాకేం తెల్సు" అంది.

ఇంకొకటి. ఇంకొకటి. నాలుగోది తీసేసరికి పిల్లకు చదవడం సులువైంది. ఒక్క ఊపున, "చిన్నయ్య" అంది.

చేట ఆగింది.

"మళ్ళా చదువు."

"చిన్నయ్య, నాయనమ్మా. ఎవురు చిన్నయ్య?"

జ్ఞానమ్మ చేట పక్కన పెట్టింది. లేచి వచ్చి పలక ముందు చతికిలబడింది. "మా నాయన. మిషను దొరగారు విశ్వాసం అని పేరు పెట్టినంక, పాత పేరు మళ్ళా పలకొద్దన్నాడు నాయన. మా అమ్మ గూడ పలకలే. ఆయన పోయి ముప్పై ఏండ్లయింది." నావైపు చూసింది. "ఈ పంతులుకు ఎట్ల తెల్సు?"

"పంతులుకు తెలీదు. నాకు తెలీదు. నీ మనవరాలికి అంతకంటే తెలీదు," అంది దీనమ్మ. "ఆ పలక మీద ఉన్నింది, ఆ పిల్లకు చదువు వచ్చు గనక చదివింది. ఇంకేం లేదు పెద్దమ్మా. తీసుకో, ఇది నీది. కుంటలో పారేస్తావా, ఇంట్లో పెట్టుకుంటావా, నీ ఇష్టం."

జ్ఞానమ్మ కొంగుతో పలక మీది దుమ్ము తుడిచి, లోపలికి తీసుకుపోయి గూట్లో నిలబెట్టింది. బయటికి వస్తూనే గంపలోకి చెయ్యి పెట్టింది. "ఇందాక నరసయ్య అన్నావే, అది సీమోను వాళ్ళ నాయన. ఏమో అని ఊరికే అన్నా. రా, చీకటి పడకముందే పోదాం."

ఆ సాయంత్రం ముందు జ్ఞానమ్మ, వెనక గంపతో దీనమ్మ, మధ్యలో ఎలీషబా పల్లె అంతా తిరిగారు. ప్రతి ఇంట్లో పిల్ల చదివేది, జ్ఞానమ్మ ఎవరో చెప్పేది, దీనమ్మ పలకను ఇంటివాళ్ళ చేతుల్లో పెట్టేది. ఎవరూ వద్దనలేదు. తాత పేరు చేతిలో పెడితే కుంటలో పారెయ్యడం ఎవరికి సాధ్యం? ఇంట్లో పెట్టుకున్నవాళ్ళు, అవే పలకలున్న కొట్టానికి పిల్లల్ని పంపనని ఏ నోటితో అంటారు?

కరుణాకరం ఒక్కడే కాసేపు తిరగబడ్డాడు. "మాలకొండయ్యా? మా తాత పేరు దావీదు గద!"

"దావీదు నడిమిట్ల వచ్చింది లేరా," అంది జ్ఞానమ్మ. "మీ తాతవాళ్ళమ్మ ఏడేండ్లు పిల్లలు లేక మాలకొండ సామికి మొక్కుకుంటే పుట్టినాడు మీ తాత. నీ మొగం అచ్చం ఆయన మొగమే. ఆయనకూ ఇట్లనే ఏదీ ఒకమాటన నచ్చేది గాదు."

అరుగుల మీదున్నవాళ్ళు నవ్వారు. కరుణాకరం పలక తీసుకున్నాడు.

అక్షరాలు చెక్కిన పలకలను దీనమ్మ కొట్టం గోడకు వరసగా ఆనించింది. కాలిపోయిన పలకలకు బదులు కొత్తవి ఇంకా రాలేదు. చిన్నపిల్లలు పోలయ్య చెక్కిన గాడుల్లో వేలు పెట్టి దిద్దడం మొదలుపెట్టారు. ముడి తప్పు తిరిగిన "ఆ"ను మాత్రం నేను వెనక్కి తిప్పి పెట్టాను.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు తొమ్మిది గంటలకు లెక్క చూస్తే పద్దెనిమిదిమంది ఉన్నారు. ముగ్గురు క్వారీలోనే ఉండిపోయారు. ఆ రోజు రైలుకు సరుకు ఎక్కించాలని మేస్త్రి వదల్లేదట. నేను గడప దగ్గర నిలబడి కిందికి చూస్తున్నాను. స్టేషను నుంచి ఎద్దులబండి అప్పటికే కుంట దాటింది.

దీనమ్మ నా పక్కనుంచి దిగిపోయింది. పరుగెత్తింది అనలేను, పెద్ద పెద్ద అంగలు వేసింది. క్వారీ అంచున ఆమె, మేస్త్రి ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవడం పైనుంచి కనిపించింది. మాటలు వినపడలేదు. మేస్త్రి రెండుసార్లు అడ్డంగా తలూపాడు. మూడోసారి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ముగ్గురు పిల్లలు గుట్టమీదికి పరుగు తీశారు. వాళ్ళు లోపలికి వచ్చి కూర్చునేసరికి ఇన్‌స్పెక్టరు బండి దిగుతున్నాడు.

ఆయన నిదానంగా పనిచేసే మనిషి. కప్పు చూశాడు, గోడ చూశాడు, ఎలీషబా చేత రెండో వాచకం చదివించాడు. చెక్కిన పలకలను చూసి ఇదెవరి పద్ధతి అని అడిగాడు. ఈ ఇంటివాళ్ళ పెద్దాయనదని చెప్పాను. పిల్లల్ని వేలుతో ఒక్కొక్కరినే చూపిస్తూ లెక్కబెట్టి, పుస్తకంలో ఇరవై ఒకటి అని వేసి సంతకం చేశాడు.

దీనమ్మకు చెబుదామని బయటికి వచ్చాను. ఆమె గుట్టెక్కి రానేలేదు. ఆ ముగ్గురి పనీ తాను చేస్తానని మేస్త్రికి మాట ఇచ్చిందట. క్వారీ అడుగు నుంచి, నెత్తిన పొట్టుగంపతో, ఎదురెండలో పైకి నడిచి వస్తున్నది. నేను రెండు చేతులూ ఎత్తి ఊపాను. ఆమె గంప దించలేదు. అర్థమైందన్నట్టు ఒక చెయ్యి వదిలి ఊపి, పొట్టు కుప్ప వైపు తిరిగింది.